తాగినవాడు గుద్దితే బార్ యజమాని బాధ్యుడా? టెక్సాస్ చట్టంపై చర్చ

వ్యాఖ్యాత: డల్లాస్ పరిసరాల్లో మన తెలుగువారు మద్యం లైసెన్సుతో రెస్టారెంట్లు నడుపుతున్నారు. అక్కడ తాగి వెళ్లిన కస్టమరు దారిలో ఎవరినైనా కారుతో గుద్దితే, నష్టపరిహారం దావా రెస్టారెంటు మీదికి వస్తుందా? న్యాయవాది గారూ, మీరు చెప్పండి.

న్యాయవాది: రావచ్చునండీ, అయితే అక్కడ తాగాడన్న ఒక్క కారణంతో దావా నిలబడదు. మద్యం అందించే సమయానికే ఆ వ్యక్తి తనకూ ఇతరులకూ ప్రమాదకరంగా మారేంత మత్తులో ఉన్నాడని సర్వరుకు స్పష్టంగా కనిపించి ఉండాలి, ఆ మత్తే ప్రమాదానికి కారణమని కూడా రుజువు కావాలి. రక్తంలో ఆల్కహాలు 0.08 శాతం ఉంటే డ్రైవరు మీద కేసుకు చాలు గాని, సర్వరుకు ఏం కనిపించిందో ఆ అంకె చెప్పదు. అందుకే ఇటువంటి దావాల్లో బిల్లు మీది సమయాలకూ కెమెరా దృశ్యాలకూ అంత విలువ.

యజమాని: మా సర్వర్లందరూ ప్రభుత్వం ఆమోదించిన శిక్షణ పొందినవారే. అది మాకు రక్షణ కాదా అండీ?

న్యాయవాది: రక్షణే, కానీ మూడు షరతులున్నాయి. శిక్షణను మీరు తప్పనిసరి చేయాలి, ఆ సర్వరు నిజంగా శిక్షణకు వెళ్లి ఉండాలి, చట్టాన్ని మీరమని మీరు నేరుగా గాని పరోక్షంగా గాని ప్రోత్సహించి ఉండకూడదు. ఈ మూడోదాన్ని రుజువు చేయవలసింది దావా వేసినవారేనని టెక్సాస్ సుప్రీంకోర్టు 2008లో తేల్చింది. అంతమాత్రాన నిశ్చింతగా ఉండలేరు. శనివారం రాత్రి మేనేజరు ‘పెద్ద పార్టీ, అడిగినంత పోసెయ్’ అని ఉంటే, గోడకు తగిలించిన సర్టిఫికెట్లు ఆదుకోకపోవచ్చు.

యజమాని: ఇక చాలంటే కస్టమరు గొడవకు దిగుతాడు. టిప్పుల మీద బతికే కుర్రాడు ఎలా చెప్పగలడండీ?

న్యాయవాది: ఆ మాట మేనేజరు చేత చెప్పించండి. మత్తులో ఉన్నవాడికి అమ్మితే క్రిమినల్ కేసు కూడా ఉంది, ఏడాది వరకు జైలు పడవచ్చు.

వ్యాఖ్యాత: మరి తాగి నడిపినవాడి తప్పు మాటేమిటి?

న్యాయవాది: తప్పును వాటాలుగా పంచాలని అదే కోర్టు 2007లో చెప్పింది. గాయపడిన తాగుబోతు కూడా దావా వేయవచ్చు, కానీ అతని వాటా సగానికి మించితే ఏమీ రాదు.

వ్యాఖ్యాత: దీపావళికి ఇంట్లో మందు పోస్తేనో?

న్యాయవాది: పెద్దవాళ్లయిన అతిథుల విషయంలో ఈ బాధ్యత లేదు. పద్దెనిమిదేళ్లు నిండని పరాయి పిల్లలకు తెలిసి పోస్తే మాత్రం ఆ ఇంటివారు కోర్టుకు జవాబు చెప్పుకోవాలి.