కొల్లేటి గట్టు మీద రెండు పీరియడ్లు

(చిత్తడి నేలల దినోత్సవం రోజున ఒక హైస్కూల్లో రిటైర్డ్ జీవశాస్త్రం మాస్టారి ప్రసంగం)

వేదిక మీది పెద్దలకూ, ఎండలో కూర్చున్న పిల్లలకూ నమస్కారం. నాకిచ్చింది పది నిమిషాలు. అందులో రెండు శాలువాకే పోయాయి.

1971లో ఇదే ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్‌లో చిత్తడి నేలల ఒప్పందం కుదిరింది. మన కొల్లేరు 2002లో ఆ ఒప్పందం జాబితాకెక్కింది. ఇదంతా బ్యానర్ మీదే ఉంది కాబట్టి వదిలేస్తున్నా.

నేను పనిచేసిన ఒక స్కూల్లో వల వేసేవాళ్ల పిల్లాడుండేవాడు. ‘జీవవైవిధ్యం అనగానేమి?’ అంటే తెల్ల పేపరిచ్చాడు. అదే కుర్రాడు గట్టు మీదికి వెళ్లినప్పుడు నాకు పాఠం చెప్పాడు. నీళ్ల మీద ఎర్రగా ఓ గుంపు కదులుతోంది. “కొర్రమీను పిల్లలు మాస్టారూ! గాలి కోసం పైకొస్తున్నాయి. కింద పెద్దది కాపలా ఉంటుంది. ఇప్పుడు దాన్ని పట్టామా, ఈ పిల్లల్ని మిగతా చేపలు మింగేస్తాయి. మా తాత ఈ టైములో వల వెయ్యనివ్వడు” అన్నాడు. ఇంతకంటే జీవవైవిధ్యం ఏముందమ్మా?

ఆ సాయంత్రమే నాకు పిలుపొచ్చింది. సిలబస్ అవ్వలేదట, పిల్లాడు నీళ్లలో పడితే జవాబెవరు చెబుతారట. ఎవరన్నారో చెప్పను. భయం న్యాయమైనదే. ఇద్దరు పెద్దవాళ్లను తోడు పంపితే సరిపోతుంది. కొల్లేటి ఒడ్డున పుట్టిన పిల్లల్ని నీళ్ల దగ్గరికి వెళ్లనివ్వకుండా కొల్లేరు పాఠం చెప్పమంటే ఎలాగండీ?

పర్యావరణం అన్ని తరగతుల్లో తప్పనిసరిగా చెప్పాలని సుప్రీంకోర్టు 1991లోనే అంది. చెబుతున్నాం. అమెజాన్ అడవుల గురించి అడగండి, గడగడా అప్పజెబుతారు. ఏరా, మన కొల్లేటి ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతుల్ని ఎంతమంది చూశారు? చేతులెత్తండి. చూశారుగా హెడ్మాస్టరు గారూ, ఎన్ని చేతులు లేచాయో!

బుడమేరు, తమ్మిలేరు కొల్లేట్లో కలుస్తాయి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచింది ఆ బుడమేరే. దారిలో చేపల చెరువుల గట్లు అడ్డుంటే ఆ నీరు ఎటు పోవాలి? ముందు వరుసలో చెరువులున్నవాళ్లు కూర్చున్నారు, నాకు తెలుసు. నేనూ ఆ చేపలే తింటాను. కానీ 1999లో అయిదో కాంటూరు దాకా, అంటే సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత దాకా అభయారణ్యం అన్నారు, 2006లో గట్లు కొట్టేశారు, మళ్లీ లేచాయి. ఎందుకు లేచాయని పిల్లలు అడిగితే కసురుకోకండి, అంతే.

ఎక్కడున్నాను... ఆఁ, రిజిస్టరు. సర్పంచ్ గారూ, ఇది మీకు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకి ఒక కమిటీ ఉండాలి. ఊళ్లో ఏ చెట్టుంది, ఏ చేపుంది, వాటి గురించి పెద్దవాళ్లకేం తెలుసు అని ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయించాలి. దాన్ని ఆఫీసులో కూర్చుని నింపేకంటే ఎనిమిదో తరగతికి అప్పజెప్పండి. కిక్కిస గడ్డిలో ఏ పిట్ట గూడు కడుతుంది, మార్పు చేపలు ఎందుకు తగ్గాయి, గుర్రపుడెక్క ఎక్కడ కమ్మేసింది, తాతల్నీ నాయనమ్మల్నీ అడిగి రాసుకొస్తారు. ఆ కుర్రాడి తాతలాంటి వాళ్లు చెప్పేది ఇప్పుడు రాయకపోతే తర్వాత అడగడానికి ఉండరు. దానికి ప్రాజెక్టు మార్కులివ్వండి. మార్కుల్లేకపోతే తల్లిదండ్రులు పంపరు, మనకు తెలియంది కాదు.

హెడ్మాస్టరు గారూ, శనివారం ఆఖరి రెండు పీరియడ్లు ఇప్పించండి చాలు. ఆటో ఖర్చు నాది. ఈ శనివారానికే అవునంటారా? మైకులో చెప్పండి సార్, పిల్లలు వింటారు.