గోరే ద్వీపం చూడబోయేవారికి

శ్రోతలకు నమస్కారం.

పశ్చిమాఫ్రికాలోని సెనెగల్ దేశ రాజధాని డకార్ రేవులో పడవ ఎక్కితే సుమారు 20 నిమిషాల్లో గోరే ద్వీపంలో దిగుతాం. తీరానికి మూడున్నర కిలోమీటర్ల దూరంలో, అట్లాంటిక్ మహాసముద్రంలో ఉన్న ఈ ద్వీపం విస్తీర్ణం 28 హెక్టార్లు, మన లెక్కన దాదాపు 70 ఎకరాలు. ఈ కొస నుంచి ఆ కొసకు కిలోమీటరు కూడా ఉండదు. ఇక్కడ కార్లు లేవు, వాటికి తగిన దారులూ లేవు. కావి రంగు, గులాబి రంగు గోడల పాత ఇళ్ల మధ్య ఇసుక సందులు, ప్రహరీల మీదుగా వాలిన కాగితపు పూల తీగలు, అక్కడక్కడ బావోబాబ్ చెట్లు. ఎక్కడికైనా నడిచే వెళ్లాలి. 1978లో యునెస్కో తొలి ప్రపంచ వారసత్వ జాబితాను ప్రకటించినప్పుడు అందులో చోటు దక్కిన 12 స్థలాల్లో గోరే ఒకటి.

ఎక్కువమంది పర్యాటకులు ఉదయం పడవకు వచ్చి, బానిస వ్యాపార కాలపు మ్యూజియం అయిన బానిసల గృహం చూసి, రేవు పక్కన భోంచేసి, సాయంత్రంలోపే తిరిగి వెళ్లిపోతారు. వీలున్నవారు ఒక రాత్రి ఇక్కడ బస చేయాలని నా మనవి. పగటి గుంపులో ఆ గృహాన్నీ నిదానంగా చూడలేం, ఇది మనుషులు కాపురముంటున్న ఊరన్న సంగతీ పట్టించుకోలేం.

బానిసల గృహం 1776 ప్రాంతంలో కట్టిన ఎర్రని మేడ. లోపలి ముంగిట్లో గుర్రపు నాడాలా ఇరువైపులా వంపు తిరిగిన మెట్లున్నాయి. పైన యజమానులుండిన గదులకు గాలీ వెలుతురూ ధారాళంగా వస్తాయి. ఆ మెట్ల కింద, పురుషులు, స్త్రీలు, పిల్లలు అని వేరువేరుగా బోర్డులు పెట్టిన చీకటి కొట్లున్నాయి. వాటి మధ్య సాగే ఇరుకైన నడవా చివర ఒక గుమ్మం, గుమ్మం దాటగానే నల్లరాళ్లు, సముద్రం. బానిసలను ఇక్కడి నుంచే ఓడలెక్కించారని చెబుతారు కనుక దానిని తిరిగిరాని ద్వారం అంటారు. 2009లో కన్నుమూసిన సంరక్షకుడు బుబకర్ జోసెఫ్ ఎన్డియాయ్ దశాబ్దాలపాటు సందర్శకులకు ఈ ఇంటి కథ చెప్పి, దీనిని ప్రపంచానికి తెలియజేశారు. 1991లో నెల్సన్ మండేలా వచ్చారు. 1992లో ఇక్కడికి వచ్చిన పోప్ రెండవ జాన్ పాల్, బానిస వ్యాపారంలో క్రైస్తవులు పాలుపంచుకున్నందుకు క్షమాపణ వేడుకున్నారు.

ఈ ఒక్క ఇంటి గుండా లక్షలాది మందిని తరలించారనే మాటను మాత్రం చాలామంది చరిత్రకారులు అంగీకరించరు. అట్లాంటిక్ దాటించేందుకు ఓడలెక్కించిన ఆఫ్రికన్లు సుమారు ఒక కోటీ 25 లక్షల మంది అని అంచనా. వారిలో గోరే నుంచి వెళ్లినవారు కొద్ది భాగమే. నేటి బెనిన్‌లోని విదా, అంగోలాలోని లువాండా రేవుల నుంచి వెళ్లినవారు ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ సంగతి తెలిసి వెళ్లడమే మంచిదని నేను అనుకుంటాను. తమ పూర్వీకులను ఏ రేవులో ఓడ ఎక్కించారో తెలిసే దారి లేని అమెరికా, కరీబియన్ కుటుంబాలవారు ఈ గుమ్మం దగ్గర నిలబడి ఏడుస్తారు. ఆ దుఃఖానికి అంకెలు పెంచి చెప్పవలసిన అవసరం ఏమాత్రం లేదు. పైగా ఇళ్లలో చాకిరీకి ఉంచుకున్న బానిసలు ఇదే ద్వీపంలో వందల సంఖ్యలో బతికారు. సిన్యార్లని పిలిచే మిశ్రమ జాతి స్త్రీలు ఇక్కడ పెద్ద వర్తకులుగా, ఈ మేడల యజమానులుగా ఉండేవారు, వారికీ బానిసలుండేవారు. ఫ్రెంచి వలసల్లో బానిసత్వం రద్దయిన 1848 వరకూ ఇది సాగింది.

ఆ వర్తకంలో మన తీరపు వస్త్రాలూ ఉన్నాయి. కోరమండల్ తీరంలో నేసిన నూలు బట్టలు ఐరోపా కంపెనీల ఓడల్లో పశ్చిమాఫ్రికా చేరి, అక్కడ మనుషులను కొనడానికి సరుకుగా మారాయి. పుదుచ్చేరి నుంచి వెళ్లిన నీలిమందు అద్దకపు బట్ట సెనెగల్ నదీ తీరంలో తుమ్మ జిగురు వ్యాపారానికి డబ్బులా చెలామణి అయింది. యానాం కూడా ఆ ఫ్రెంచి సామ్రాజ్యంలోదే కాబట్టి, గోరేకు వెళ్లే తెలుగువారు ఈ సంగతి మనసులో ఉంచుకుని వెళ్లాలి.

ఇక మనుషుల సంగతి. పడవలోనే బట్టలు, పూసలు అమ్మే స్త్రీలు పక్కన కూర్చుని మన పేరు అడుగుతారు, తమ పేరు చెబుతారు, దిగాక దుకాణానికి రమ్మంటారు. కొనదలచుకోకపోతే అప్పుడే మర్యాదగా చెప్పడం మేలు, ఎందుకంటే ద్వీపంలో వారు మనల్ని పేరు పెట్టి పిలుస్తారు. దక్షిణాన కాస్తెల్ అనే గుట్ట మీదికి ఎక్కే దారిలో ఇసుక చిత్రకారులుంటారు. చెక్క పలక మీద జిగురుతో బొమ్మ గీసి, తెలుపు, నలుపు, ఎరుపు, పసుపు ఇసుకలను చిటికెలతో చల్లి, పలకను ఒక్కసారి తిప్పి దులిపితే, అంటుకున్న ఇసుక చేపల పడవగానో, నెత్తిన గంప పెట్టుకున్న స్త్రీగానో తేలుతుంది. గుట్ట పైన ఫ్రెంచివారు నిలిపిన పెద్ద ఫిరంగులు తుప్పుపట్టి ఉన్నాయి.

భోజనానికి చెబుజెన్ అడగండి. చేప, టమాటా, కూరగాయలతో కలిపి వండే ఈ అన్నాన్ని 2021లో యునెస్కో సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. దీనికి నూకలే వాడతారు. మన కాకినాడ రేవు నుంచి పశ్చిమాఫ్రికాకు బియ్యం, నూకలు విస్తారంగా ఎగుమతి అవుతుంటాయి కనుక ఆ పళ్లెంలో గోదావరి గింజ ఉన్నా ఆశ్చర్యం లేదు.

పర్యాటకుల పడవలు వెళ్లిపోయాక ద్వీపం ఊరివారిదవుతుంది. పిల్లలు ఇసుకలో ఫుట్‌బాల్ ఆడతారు, మసీదుకు, చర్చికి ఒకే సందుల్లోంచి జనం నడుస్తారు. సెనెగల్ రచయిత్రి మరియామా బా పేరిట ఇక్కడొక బాలికల గురుకుల పాఠశాల ఉంది. 1914లో ఫ్రెంచి పార్లమెంటుకు ఎన్నికైన తొలి నల్లజాతి ఆఫ్రికన్ బ్లేజ్ డియాన్యె పుట్టింది ఈ ఊళ్లోనే. పూర్వం యూరప్ పేరిట ఉన్న కూడలికి 2020లో స్వేచ్ఛ, మానవ గౌరవాల కూడలి అని ఊరివారు పేరు మార్చుకున్నారు.

బయలుదేరేవారికి రెండు సూచనలు. బానిసల గృహానికి సోమవారం సెలవు. సెనెగల్ నుంచి తిరిగి వచ్చేవారిని మన విమానాశ్రయంలో పసుపు జ్వరం టీకా పత్రం అడుగుతారు. టీకా వేయించుకున్న 10 రోజుల తరువాతే ఆ పత్రం చెల్లుతుంది కాబట్టి, ప్రయాణం ఖాయమైన వెంటనే ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో టీకా వేయించుకోండి.