నాటాల్‌కు వెళ్లిన మనవాళ్లు, ఢిల్లీ తెంచుకున్న సంబంధం

(బరంపురంలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, అమ్మలకు, కాలేజీల నుంచి వచ్చిన పిల్లలకు నమస్కారం.

నాకిచ్చిన అంశం భారత్, దక్షిణాఫ్రికా దౌత్య సంబంధాలు. బరంపురంలో కూర్చుని దక్షిణాఫ్రికా గురించి మనకెందుకు అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. ఆ రెండు దేశాల మధ్య తగవుకు మూలం మద్రాసు రేవులో ఓడ ఎక్కిన కూలీలు. వాళ్లలో మన గంజాం జిల్లా వాళ్లున్నారు. పక్కనున్న విశాఖపట్నం జిల్లా వాళ్లు ఇంకా ఎక్కువ మంది ఉన్నారు. ఒక దేశం తన ఎగుమతుల్లో కొంత భాగాన్ని వదులుకుని, రాయబార కార్యాలయానికి తాళం వేసి, దాదాపు నలభై ఏళ్లు పట్టుపట్టి కూర్చుందంటే అది ఆ కూలీల పిల్లల కోసం. అందుకే ఈ కథ మన ఊళ్లో చెప్పుకోవాలి.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ డర్బన్ రేవు చేరింది. మద్రాసు నుంచి 342 మందిని తీసుకెళ్లింది. అప్పటి నుంచి 1911 దాకా డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతపు చెరకు తోటలకు, బొగ్గు గనులకు, రైలు పనులకు మన దేశం నుంచి వెళ్లిన వాళ్లు 1,52,184 మంది. మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవు నుంచే వెళ్లారు. గంజాం నుంచి ఎక్కువ మంది వెళ్లింది బర్మాకు, అది మీ అందరికీ తెలిసిందే. గోపాలపూర్ నుంచి రంగూన్ ఓడ ఎక్కిన తాతల కథలు ఇక్కడ చాలా ఇళ్లలో ఉన్నాయి. నాటాల్ వెళ్లినవాళ్ల కథలు మాత్రం ఇక్కడ ఎవరూ చెప్పుకోరు. వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు, చెప్పేవాళ్లు మిగల్లేదు.

కానీ కాగితం మిగిలింది. ఆ ఓడల జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక్కో మనిషికి ఒక్కో వరుస. ముందు నంబరు, తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. చివర ఒంటి మీద గుర్తులు, అంటే నుదుటి మీద మచ్చ, మోకాలి మీద దెబ్బ లాంటివి. ఊరి పేరు చెప్పింది మన తెలుగు యాసలో, రాసుకున్నది ఇంగ్లీషు అక్షరాల్లో. ఆ స్పెల్లింగులు పట్టుకుని అది ఏ ఊరో తేల్చాలంటే ఇక్కడ పుట్టి పెరిగిన మనిషి కావాలి. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఒప్పందం అయిదేళ్లు. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు పెంపు, తిండి, ఉండటానికి గుడిసె. అయిదేళ్లు తోటలో గొడ్డులా చాకిరీ చేసి స్వేచ్ఛగా బతుకుదామనుకున్న మనిషికి 1895లో ఒక చట్టం తెచ్చారు. మళ్లీ ఒప్పందం రాసుకోవాలి, లేదా ఇండియాకు తిరిగి వెళ్లిపోవాలి. రెండూ కాదని అక్కడే ఉంటానంటే ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలి. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు, ఒక కూలీకి నాలుగైదు నెలల కూలి. తర్వాత పదహారేళ్లు నిండిన మగపిల్లలకు, పదమూడేళ్లు నిండిన ఆడపిల్లలకు కూడా అదే పన్ను వేశారు. ఇంట్లో నలుగురుంటే ఏడాది సంపాదనంతా అటే. మనిషిని మళ్లీ తోటలోకి నెట్టడానికే ఆ లెక్క వేశారని నా అభిప్రాయం.

1913లో గాంధీజీ పిలుపుతో న్యూకాసిల్ బొగ్గు గనుల కూలీలు పని మానేసి పక్కనున్న ట్రాన్స్‌వాల్ రాష్ట్రం వైపు నడిచారు. సమ్మె తోటలకూ పాకింది. గాంధీజీని అందరూ తలుచుకుంటారు, తలుచుకోవాలి కూడా. కానీ ఆ రోడ్డు మీద నడిచిన రెండు వేల పైచిలుకు మంది ఎక్కువగా మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్లిన తమిళులు, తెలుగువాళ్లు. వాళ్ల మీద పోలీసు దెబ్బలు పడుతున్న సమయంలో, అదే ఏడాది నవంబరులో, వైస్రాయి హార్డింజ్ మద్రాసులో మాట్లాడుతూ దక్షిణాఫ్రికా ప్రభుత్వాన్ని బాహాటంగా తప్పుపట్టాడు. ఒకే సామ్రాజ్యంలోని ఒక ప్రభుత్వం ఇంకో ప్రభుత్వాన్ని అలా బజార్లో నిలదీయడం లండన్‌కు మింగుడు పడలేదు. నా లెక్కలో మన రెండు దేశాల దౌత్య చరిత్ర ఆ ప్రసంగంతో మొదలైంది. మరుసటి ఏడాది మూడు పౌన్ల పన్ను రద్దయింది.

ఇక్కడ మన ఊరి మనిషి ఒకాయన కథలోకి వస్తారు. 1894లో బరంపురంలో పుట్టిన వి.వి.గిరి గారు 1913లో లా చదువుకు ఐర్లాండ్ వెళ్లారు. డబ్లిన్‌లో ఆయన, తోటి భారతీయ విద్యార్థులు కలిసి ఒక కరపత్రం వేశారు. అది దక్షిణాఫ్రికాలో భారతీయులకు జరుగుతున్న అన్యాయం గురించి. ఆ కరపత్రం బ్రిటిష్ గూఢచారుల చేతికి చిక్కింది, అప్పటి నుంచి పోలీసుల కన్ను ఆ కుర్రాళ్ల మీద పడింది. ఇరవై ఏళ్లు నిండీ నిండని పిల్లాడు, పరాయి దేశంలో పరీక్షల టెన్షన్ మధ్య, ఇంకెక్కడో చెరకు తోటల్లో ఉన్న మనవాళ్ల కోసం పోలీసుల దృష్టిలో పడ్డాడు. మనం రోజూ గిరి రోడ్డు మీద తిరుగుతాం. ఆయన రాష్ట్రపతి అయ్యారని అందరికీ తెలుసు. ఈ సంగతి కూడా మన పిల్లలకు తెలియాలి.

1927లో కేప్‌టౌన్ ఒప్పందం జరిగింది. భారత ప్రభుత్వం తరఫున అక్కడ ఒక ఏజెంటు ఉండాలని నిర్ణయించారు. మొదట శ్రీనివాస శాస్త్రి గారు వెళ్లారు. 1929 నుంచి 1932 దాకా ఆ పదవిలో ఉన్నది మన తెలుగువారే, సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారు. ఆ ఒప్పందం వల్ల కూలీల బతుకులు పెద్దగా మారలేదు. కానీ ఆ కాగితం ఇరవై ఏళ్ల తర్వాత ఎలా అక్కరకొచ్చిందో చూడండి.

1946లో దక్షిణాఫ్రికా ఇంకో చట్టం తెచ్చింది. భారతీయులు భూమి ఎక్కడ కొనాలో, ఎక్కడ ఉండాలో ప్రభుత్వమే గీత గీస్తుంది. అక్కడి మనవాళ్లు దాన్ని ఘెట్టో చట్టం అన్నారు. వాళ్ల ప్రతినిధులు ఓడ ఎక్కి ఢిల్లీ వచ్చారు. దక్షిణాఫ్రికాతో వ్యాపారం ఆపేయండి, మీ హైకమిషనర్‌ను వెనక్కి పిలవండి అని అడిగారు. ఆంక్షలు పెడితే ఇబ్బంది పడేది మొదట వాళ్లే. బంధువుల రాకపోకలు, సరుకులు, ఉత్తరాలు అన్నీ కష్టమవుతాయి. అది తెలిసే అడిగారు. ఈ మొత్తం కథలో నన్ను బాగా కదిలించే విషయం ఇదే. ఈ రోజుల్లో ఏ దేశం మీద ఆంక్షలు పెట్టాలన్నా అక్కడి జనానికి నష్టం కదా అని వాదిస్తారు. ఆ వాదన వినాల్సిందే. అయితే ముందు ఆ జనం ఏమంటున్నారో అడగాలి. 1946లో మన ప్రభుత్వం అడిగింది, విన్నది.

అప్పటికి మనకు స్వాతంత్ర్యం రాలేదు. అయినా ఆ ఏడాది మేలో హైకమిషనర్ వెనక్కి వచ్చేశాడు, జూలై 17 నుంచి వ్యాపారం బంద్ అయింది. అప్పట్లో మన ఎగుమతుల్లో అయిదు శాతం దాకా దక్షిణాఫ్రికాకే వెళ్లేవి. అందులో ముఖ్యమైనవి గోనె సంచులు. అక్కడి మొక్కజొన్న, చక్కెర నింపడానికి మన జనపనార సంచులే దిక్కు. దరిద్రంలో ఉన్న దేశం ఆ మార్కెట్టును వదులుకుంది. జాతి వివక్ష కారణంగా దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకున్న మొదటి దేశం మనదే.

అదే ఏడాది ఫిర్యాదు ఐక్యరాజ్యసమితికి వెళ్లింది. విజయలక్ష్మి పండిట్ మన తరఫున మాట్లాడారు. అవతలి పక్షాన దక్షిణాఫ్రికా ప్రధాని జనరల్ స్మట్స్ స్వయంగా కూర్చున్నాడు. ఐక్యరాజ్యసమితి చార్టర్ పీఠిక రాయడంలో ఆయన చెయ్యి ఉంది. ఆయన వాదన ఒక్కటే: మా పౌరులతో మేం ఎలా ఉంటామన్నది మా ఇంటి వ్యవహారం, ఇందులో బయటివాళ్లు తలదూర్చడానికి వీల్లేదు. దానికి మనవాళ్లు తీసిన కాగితాల్లో 1927 ఒప్పందం ఒకటి. ఇది మీ ఇంటి వ్యవహారమే అయితే మాతో ఒప్పందం ఎందుకు చేసుకున్నారు? రెండు ప్రభుత్వాల మధ్య రాసుకున్నది ఇంటి వ్యవహారం ఎలా అవుతుంది?

1946 డిసెంబరు 8న ఓటింగు జరిగింది. అనుకూలం 32, వ్యతిరేకం 15, తటస్థం 7. మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి. 32లో ఒక్క ఓటు అటు మారి ఉంటే తీర్మానం వీగిపోయేది. బ్రిటన్, అమెరికా రెండూ మనకు వ్యతిరేకంగా ఓటేశాయి. మనల్ని ఏలుతున్నవాళ్లే అవతలి వైపు నిలబడినా ఆ రోజు మనం నెగ్గాం. ఏ ప్రభుత్వమైనా మనుషుల్ని హింసించి "మా ఇంటి సంగతి" అనే మాట వెనక దాక్కోకుండా పడిన మొదటి అడ్డుకట్టల్లో అదొకటి.

తర్వాత కథ తొందరగా చెప్తాను. 1954లో హైకమిషన్ మూతపడింది. మన పాస్‌పోర్టులు దక్షిణాఫ్రికాకు చెల్లకుండా పోయాయి. 1974లో డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్‌కు మన జట్టు చేరింది. ఎదుట ఉన్నది దక్షిణాఫ్రికా. విజయ్, ఆనంద్ అమృత్‌రాజ్ అన్నదమ్ములు మంచి ఊపులో ఉన్నారు. ప్రభుత్వం ఆడొద్దంది, మనం కప్పు వదిలేసుకున్నాం. అంత మంచి అవకాశం పోగొట్టుకున్న ఆటగాళ్లకు ఎంత కష్టంగా ఉండి ఉంటుంది! అయినా ఆ నిర్ణయం సరైనదే.

ఒక సంగతి దాటవేస్తే చరిత్రకు ద్రోహం చేసినవాణ్నవుతాను. 1949 జనవరిలో డర్బన్‌లో నల్లజాతి వాళ్లకూ భారతీయులకూ మధ్య ఘోరమైన అల్లర్లు జరిగాయి. 142 మంది చనిపోయారు. మన దుకాణదారుల మీద స్థానికులకు కోపం ఉండేది, మనవాళ్లలో వాళ్లంటే చిన్నచూపూ ఉండేది. నెహ్రూ మొదటి నుంచీ చెప్పింది, ఆఫ్రికన్ల హక్కులను పక్కనపెట్టి భారతీయులు ప్రత్యేక హక్కులు కోరకూడదని. అక్కడి భారతీయుల నాయకులు డాక్టర్ దాదూ, డాక్టర్ నాయకర్ 1947లోనే ఆఫ్రికన్ నాయకుడు డాక్టర్ జూమాతో కలిసి ఉమ్మడి పోరాటానికి సంతకాలు చేశారు. మన ఫిర్యాదు కేవలం మన కూలీల పిల్లల కోసమే అయ్యుంటే, పదేళ్లకు ప్రపంచం మర్చిపోయేది. అది అందరి ఫిర్యాదుగా మారబట్టే నిలబడింది.

అలా మార్చినవాళ్లలో ఒక తెలుగాయన ఉన్నారు. నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతంలో పుట్టిన ఏనుగ శ్రీనివాసులు రెడ్డి గారు, ఇ.ఎస్.రెడ్డి. 1946లో చదువుకోవడానికి న్యూయార్క్ వెళ్లి ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగంలో చేరారు. 1963 నుంచి వర్ణవివక్ష వ్యతిరేక కమిటీ పని చూశారు, తర్వాత అక్కడి వర్ణవివక్ష వ్యతిరేక కేంద్రానికే డైరెక్టరయ్యారు. జైళ్లలో ఉన్నవాళ్ల కేసులకు డబ్బు సమకూర్చడం, వాళ్ల కుటుంబాలకు సాయం అందేలా చూడటం, ఆయుధాల అమ్మకం ఆపించడానికి దేశాల చుట్టూ తిరగడం ఆయన పని. 2013లో దక్షిణాఫ్రికా తన ఉన్నత పురస్కారంతో గౌరవించింది. 2020లో చనిపోయారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఆయన మీద ఒక పాఠం పెట్టాలని నా గట్టి కోరిక.

1990 ఫిబ్రవరిలో మండేలా విడుదలయ్యారు. అదే ఏడాది మన దేశానికి వచ్చారు, భారతరత్న అందుకున్నారు. 1991 నవంబరు 10న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో దక్షిణాఫ్రికా జట్టు మనతో వన్డే ఆడింది. అంతర్జాతీయ క్రికెట్‌లోకి వాళ్లు తిరిగొచ్చింది మన గడ్డ మీదే. 1993 నవంబరులో రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలు మళ్లీ మొదలయ్యాయి.

1996లో వాళ్లు రాసుకున్న రాజ్యాంగం ఆరో సెక్షన్ చూడండి. దేశంలోని వివిధ సమూహాలు మాట్లాడే భాషలను ప్రోత్సహించాలి, గౌరవించాలి అంటూ కొన్నిటి పేర్లు రాశారు. అందులో తెలుగు ఉంది. చెరకు తోటల్లోకి పోయిన మనుషుల భాషను ఆ దేశం తన రాజ్యాంగంలో అక్షరాలా రాసుకుంది. 1931లోనే అక్కడివాళ్లు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. అంతకు ముందే, 1903లో, నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు వెళ్లి తెలుగు బాప్టిస్టు సంఘాలు పెట్టారు. గుడిలో, చర్చిలో, పెళ్లిలో తెలుగు వినిపించేలా వాళ్లు నూరేళ్ల పైన పాటుపడ్డారు. ఒడిశాలో మనమూ అల్పసంఖ్యాకులమే. మన బడుల్లో తెలుగు టీచరు లేడని, పుస్తకాలు రాలేదని ప్రతి సభలో చెప్పుకుంటున్నాం. ఓడల మీద వెళ్లిపోయినవాళ్లకంటే మనకు దారులు ఎక్కువే ఉన్నాయి.

ఇప్పుడు ఆ జాబితాల దగ్గరికి వస్తాను. నాటాల్ కాగితాల్లో మన జిల్లా "గంజాం, మద్రాసు" అని ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న మనం ఒడిశాలోకి వచ్చాం. అక్కడ నాలుగో తరం, అయిదో తరం మనవరాలు తన ముత్తాత ఊరు వెతకాలనుకుంటే చెన్నైలో అడుగుతుంది, లేకపోతే ఆంధ్రలో అడుగుతుంది. ఆ ఊరు ఇక్కడ, ఆస్కా దగ్గరో ఛత్రపురం పక్కనో ఉండి ఉండవచ్చు. కాలేజీ పిల్లల్ని నేను కోరేది ఇది. గంజాం పేరున్న వరుసలన్నీ విడిగా తీద్దాం. ఊరి పేర్లను ఇప్పటి తెలుగు, ఒడియా పేర్లతో సరిచూసి ఒక పట్టిక తయారు చేద్దాం. పాత తాలూకా సరిహద్దులు తెలిసిన రెవెన్యూ ఉద్యోగులు, రిటైరైన కరణాల కుటుంబాలవాళ్లు ఈ సభలోనే ఉన్నారు, వాళ్ల సాయం అడుగుదాం. పట్టిక పూర్తయ్యాక ఒక కాపీ డర్బన్‌లోని ఆంధ్ర మహాసభకు పంపుదాం. పేరు ఇవ్వదలచినవాళ్లు సభ అయ్యాక నన్ను కలవండి, వచ్చే ఆదివారం నుంచే పని మొదలుపెడదాం.