పుస్తకం తీసేశారు, తీసిందెవరో చెప్పరు

[స్క్రీన్ మీద: ఫోన్‌లో తెరిచి ఉన్న మెయిల్. మూడే లైన్లు.]

ఒక రచయిత్రిని అనుకుందాం. పగలంతా ఉద్యోగం, రాత్రి ఇల్లు సద్దుమణిగాక కలం పేరుతో శృంగార కథలు రాస్తుంది. పాత్రలందరూ వయసొచ్చినవాళ్లే, చదివేవాళ్లూ వయసొచ్చినవాళ్లే. పబ్లిషర్ ఎవరూ లేరు, తనే రాసి, తనే కవర్ చేయించుకుని, తనే ఆన్‌లైన్ షాపుల్లో పెడుతుంది. పదిహేను పుస్తకాలయ్యాయి, నెలనెలా ఎంతో కొంత వస్తోంది. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చూసుకుంటే మెయిల్: మీ పుస్తకం మా కంటెంట్ నియమాలకు తగ్గట్టు లేదు, తీసేశాం. అంతే. ఏ నియమం? చెప్పరు. ఏ పేజీ? చెప్పరు. కవర్ బొమ్మతో ఇబ్బందా, టైటిల్‌లో ఒక మాటతోనా? అదీ చెప్పరు. బతిమాలుతూ తిరిగి రాస్తే మళ్లీ అవే మూడు లైన్లు, కింద సంతకం మాత్రం వేరేవాళ్లది.

ఈ వీడియో మొత్తం ఆ "చెప్పరు" గురించే. ఎందుకంటే చాలాసార్లు ఆ మెయిల్ పంపినవాళ్లకే అసలు కారణం పూర్తిగా తెలియదు.

ముందే ఒక మాట. పిల్లల్ని లైంగికంగా చూపించే ఏదైనా సరే, ఒక మనిషికి తెలియకుండా తీసి పెట్టిన వీడియోలైనా సరే, వాటి గురించి ఇక్కడ వాదనే లేదు, పోవాల్సిందే. మనం మాట్లాడుకునేది కల్పన గురించి. ఉత్త అక్షరాలు. బొమ్మ కూడా లేదు.

సరే, ఇలాంటి పుస్తకాలు చట్టరీత్యా తప్పా? ఈ ఆన్‌లైన్ షాపులు నడిపే కంపెనీల్లో పెద్దవన్నీ దాదాపు అమెరికావే కాబట్టి అక్కడి సంగతి చూద్దాం. అక్కడ అశ్లీలం అంటే ఏమిటో తేల్చడానికి సుప్రీంకోర్టు 1973లో మిల్లర్ వర్సెస్ కాలిఫోర్నియా కేసులో ఒక పరీక్ష పెట్టింది. అందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఒకటుంది: రచనను మొత్తంగా చూడాలి. ఒక పేరా చింపి తెచ్చి "ఇదిగో అశ్లీలం" అంటే కుదరదు, మొత్తం చదివాక కూడా దానికి సాహిత్యపరంగా, కళాపరంగా చెప్పుకోదగ్గ విలువేమీ లేదని తేలాలి. ఆ గీటురాయి మీద పెడితే మన రచయిత్రి పుస్తకాలు మామూలుగా నిలబడతాయి. కానీ ఆమె పుస్తకం కోర్టుకు పోలేదు కదా. షాపులో ఎవరో ఒకరు, లేదా ఒక సాఫ్ట్‌వేర్, టైటిల్‌నీ కవర్‌నీ వెనక అట్ట మీది నాలుగు లైన్లనీ చూసి తేల్చేశారు.

షాపు ఎందుకంత తొందరపడుతుంది? డబ్బు నడిచే దారి చూస్తే అర్థమవుతుంది.

[స్క్రీన్ మీద: పాఠకుడి నుంచి రచయిత్రి దాకా ఒక గీత. మధ్యలో ఒక్కో పేరూ వస్తుంది.]

పాఠకుడు కార్డు నంబరు కొడతాడు. ఆ కార్డు ఇచ్చింది ఒక బ్యాంకు. ఆ బ్యాంకుకీ, షాపు తరఫున డబ్బు తీసుకునే ఇంకో బ్యాంకుకీ మధ్య వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్ ఉంటుంది. షాపుకీ ఆ రెండో బ్యాంకుకీ మధ్య పేపాల్, స్ట్రైప్ లాంటి పేమెంట్ కంపెనీ ఉంటుంది. ఇంతమంది దాటాక షాపు, షాపు తర్వాత రచయిత్రి. నెట్‌వర్క్ పైనుంచి ఒక మాట అంటుంది, అదీ చాలా వదులుగా. కింద బ్యాంకు దాన్ని కొంచెం బిగిస్తుంది, మనకెందుకొచ్చిన తలనొప్పి అని. పేమెంట్ కంపెనీ ఇంకొంచెం బిగిస్తుంది. షాపు దగ్గరికొచ్చేసరికి అది ఉరితాడు అవుతుంది, ఎందుకంటే షాపుకి ఆ కనెక్షన్ పోతే శృంగార పుస్తకాలొక్కటే కాదు, వంటల పుస్తకాలు కూడా అమ్ముకోలేదు. పైగా ఒక వ్యాపారి ఖాతాను నియమాలు తప్పాడని మూస్తే, ఆ పేరు మాస్టర్‌కార్డ్ నడిపే మ్యాచ్ అనే జాబితాలోకి ఎక్కే ప్రమాదం ఉంది, ఎక్కితే అయిదేళ్లు ఉంటుంది, ఆ అయిదేళ్లూ ఇంకో బ్యాంకు దగ్గర ఖాతా దొరకడం గగనం. ఆ టెన్షన్ షాపువాళ్లకి ఉంటుంది, వాళ్లని పూర్తిగా తప్పుపట్టలేను. నష్టం అంతా చివరికి తగిలేది మాత్రం గీత చివర ఉన్న మనిషికే.

ఇది 2012లో బాగా బయటపడింది. స్మాష్‌వర్డ్స్ అని, సొంతంగా ప్రచురించుకునేవాళ్ల ఈ-పుస్తకాలు అమ్మే సైటు. ఆ ఫిబ్రవరిలో పేపాల్ వాళ్లకి ఒక హెచ్చరిక పంపింది: రక్తసంబంధాల మధ్య, జంతువులతో, బలవంతంగా జరిగే సన్నివేశాలతో ఉన్న శృంగార పుస్తకాలు తీసేయండి, లేకపోతే సర్వీసు ఆపేస్తాం. ఇంకొన్ని చిన్న సైట్లకీ ఇదే మాట వెళ్లింది. వినగానే "ఆ, అలాంటివి పోతే పోనీ" అనిపించొచ్చు, ఆ విషయాలు నాకూ రుచించవు. కానీ ఆ గీత ఎక్కడ గీస్తారు? బలాత్కారం తర్వాత ఒక స్త్రీ తన జీవితాన్ని మళ్లీ ఎలా కూడగట్టుకుందో రాసిన నవల ఏ వైపు పడుతుంది? అది చదివి తేల్చేదెవరు? అప్పట్లో ఆ సైటు నడిపిన మార్క్ కోకర్ ఈ సంగతి దాచకుండా రచయితలందరికీ ఉత్తరం రాశాడు. ఇంటర్నెట్‌లో భావస్వేచ్ఛ కోసం పోరాడే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్, సెన్సార్‌షిప్‌కి వ్యతిరేకంగా పనిచేసే సంస్థలు, పుస్తకాల షాపులవాళ్ల సంఘాలు రంగంలోకి దిగాయి. పేపాల్ ఏమో మా పైన బ్యాంకులూ కార్డు కంపెనీలూ ఉన్నాయంది. తిలాపాపం తలా పిడికెడు.

మార్చి మధ్యకల్లా పేపాల్ వెనక్కి తగ్గింది. కోవలకి కోవలు నిషేధించం, ఒక్కో పుస్తకం విడిగా చూస్తాం, చట్టానికి అడ్డొచ్చే బొమ్మలున్నవాటి మీదే ముఖ్యంగా దృష్టి పెడతాం అని చెప్పింది. ఈ మొత్తం చరిత్రలో రచయితలు గెలిచిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఇదొకటి. ఎలా గెలిచారంటే, ఎవరు ఆపుతున్నారో పేరుతో సహా అందరికీ తెలిసింది కాబట్టి.

మరుసటి ఏడాది అక్టోబర్‌లో బ్రిటన్‌లో ఇంకోలా జరిగింది. పెద్ద షాపుల సైట్లలో అభ్యంతరకరమైన పుస్తకాలు మామూలు పుస్తకాల పక్కనే కనిపిస్తున్నాయని పత్రికల్లో గొడవ లేచింది. కొన్ని పుస్తకాల విషయంలో ఆ గొడవ న్యాయమైనదే. అయితే డబ్ల్యూహెచ్‌స్మిత్ ఏం చేసింది? సైటు మొత్తం మూసి పెట్టింది. ఆ షాపుకి ఈ-పుస్తకాలు అందించే కోబో బ్రిటన్‌లో సొంతంగా ప్రచురించుకున్నవాళ్ల పుస్తకాలన్నిటినీ కట్టకట్టి తీసేసి, తర్వాత ఏరి ఏరి తిరిగి పెట్టింది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టు, శృంగారంతో ఏ సంబంధమూ లేని పుస్తకాలు రాసుకున్నవాళ్లవీ పోయాయి. పెద్ద పబ్లిషర్ల శృంగార నవలలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. నాకు అన్నిటికంటే మండేది ఇక్కడే. విషయం అదే, వెనక పేరున్న కంపెనీ ఉంటే సాహిత్యం, ఒంటరి మనిషి ఉంటే చెత్త.

ఇక అమెజాన్. తీసేయడం ఒక్కటే కాదు, దాచేయడం కూడా ఉంటుంది. రచయితలు దాన్ని "డంజన్" అంటారు, అంటే చీకటికొట్టు. పుస్తకం ఉంటుంది, లింకు ఇస్తే తెరుచుకుంటుంది, కానీ మామూలుగా వెతికితే కనిపించదు. 2009లో ఒకసారి 57,310 పుస్తకాలకి అమ్మకాల ర్యాంకు మాయమైంది, అందులో స్వలింగ సంపర్కుల జీవితాల మీద రాసినవి చాలా ఉండటంతో పెద్ద గొడవైంది, కేటలాగులో పొరపాటు అని కంపెనీ చెప్పింది. 2018 మార్చిలో శృంగార పుస్తకాల ర్యాంకులు మళ్లీ పోయాయి. ర్యాంకు లేకపోతే కొత్త పాఠకుడి కంట పడే దారి దాదాపు మూసుకుపోయినట్టే. వాళ్ల నియమాల్లో ఎన్నో ఏళ్లు ఉన్న ఒక వాక్యం భావం ఇది: మేం దేన్ని అభ్యంతరకరం అంటామో అది బహుశా మీరు ఊహించేదే. ఊహించాలట! తప్పుగా ఊహిస్తే పుస్తకం పోతుంది, పదేపదే పోతే ఖాతానే పోతుంది. పైగా వాళ్ల సబ్‌స్క్రిప్షన్‌లో చేరాలంటే ఆ ఈ-పుస్తకాన్ని 90 రోజులపాటు ఇంకెక్కడా అమ్మకూడదు. అన్నీ అక్కడే పెట్టుకున్న రచయిత్రికి ఖాతా పోయిందంటే ఒక్క పూటలో ఆదాయమంతా పోయినట్టు.

అందుకే వాళ్లు రాసేటప్పుడే జంకుతారు. మన రచయిత్రిని చూడండి, తీసేసిన పుస్తకం ఫైలు తెరిచి కూర్చుంది. టైటిల్‌లో ఒక మాట మారుస్తుంది. కవర్ మీద జంటను తీసి ఒక గులాబీ పెడుతుంది. వెనక అట్ట మీద "సవతి" అన్న మాట ఉంది, అది కొట్టేస్తుంది. లోపల కథ ఒక్క అక్షరం మారలేదు. మళ్లీ పంపిస్తే ఒప్పుకున్నారు! అంటే తప్పు కథలో ఉందా, గులాబీ లేకపోవడంలో ఉందా? ఆమెకి తెలియదు, తర్వాతి పుస్తకం అదే భయంతో మొదలుపెడుతుంది, ఇంకో రెండు మాటలు ముందే కొట్టేసుకుని.

2025 జులైలో ఇదే కథ ఆటల వైపు నుంచి వచ్చింది. ఆస్ట్రేలియాకి చెందిన కలెక్టివ్ షౌట్ అనే బృందం కొన్ని గేముల గురించి నేరుగా పేమెంట్ కంపెనీలకి ఫిర్యాదు చేసింది. కంప్యూటర్ గేములు అమ్మే పెద్ద ఆన్‌లైన్ షాపు స్టీమ్ కొన్ని గేములు తీసేసింది. గేములతో పాటు చిన్న చిన్న పుస్తకాలు, కామిక్స్ కూడా అమ్ముకునే ఇచ్.ఐఓ అయితే పెద్దలకి మాత్రమే అన్న ముద్ర ఉన్నవాటన్నిటినీ రాత్రికి రాత్రి వెతుకులాటలోంచి తప్పించింది. మాస్టర్‌కార్డ్ ఏమంది? మేం ఏ గేమునీ పరిశీలించలేదు, చట్టబద్ధమైన కొనుగోళ్లన్నీ మా నెట్‌వర్క్‌లో అనుమతిస్తాం అంది. స్టీమ్ నడిపే వాల్వ్ ఏమంది? పేమెంట్ కంపెనీలు మాకు మాస్టర్‌కార్డ్ నియమం 5.12.7నే చూపించాయి అంది. ఆ నియమంలో ఏముందంటే, చట్టవిరుద్ధమైన లావాదేవీలతో పాటు, మాస్టర్‌కార్డ్ మంచిపేరుకి దెబ్బ తగలొచ్చని మాస్టర్‌కార్డే అనుకున్నవి కూడా పంపకూడదు. ఆ నియమం చట్టం దగ్గరే ఆగితే నాకు అభ్యంతరం లేదు. మంచిపేరుకి మాత్రం కొలత ఉండదు, గట్టిగా ఫిర్యాదు చేసినవాళ్లని బట్టి మారిపోతుంది.

రచయితలు ఏం చేస్తున్నారంటే, ఒకే షాపు మీద ఆధారపడకుండా నాలుగైదు చోట్ల పెడుతున్నారు. స్మాష్‌వర్డ్స్‌లో మా కథలో ఫలానా అంశాలున్నాయి అని ముందే గుర్తు పెట్టే పద్ధతి ఉంది, ఏ షాపు ఏది తీసుకోదో దాన్నిబట్టి వడపోత జరుగుతుంది, కనీసం ఎందుకు పోయిందో తెలుస్తుంది, నాకది చాలా మేలనిపిస్తుంది. పాఠకుల మెయిల్ చిరునామాలు సొంతంగా దాచుకుంటున్నారు. కొందరు ఎవరి దయా అక్కర్లేదని సొంత సైటు పెట్టుకుంటారు, డిజైన్ చేయించి, పుస్తకాలన్నీ ఎక్కించి, చివరికి "కొనండి" అనే బటన్ పెట్టే దగ్గరికి వస్తారు. ఆ బటన్ పనిచేయాలంటే ఒక పేమెంట్ కంపెనీలో ఖాతా తెరవాలి, ఆ ఫారంలో మీరు ఏం అమ్ముతారు అని ఒక గడి ఉంటుంది.