కిడ్నీలో నీటి తిత్తి: జబ్బా, బేరమా?

(బెంగళూరు స్టూడియో చర్చ. వైట్‌ఫీల్డ్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన ఒక స్కాన్ రిపోర్టు మీద. అందరూ ఒకేసారి అరిచిన చోట వినబడినంతే రాశాం.)

యాంకర్: చెకప్ ప్యాకేజీకి వెళ్తే కిడ్నీలో సిస్టు ఉందన్నారు, వెంటనే ఆపరేషన్ అన్నారట. డాక్టర్ గారూ, ఇదంతా మన ట్యాంకర్ నీళ్ల వల్లేనా?

డాక్టర్: కాదండి. 50 దాటినవాళ్లలో మామూలు సిస్టులు చాలామందికి ఉంటాయి. పల్చటి గోడ, లోపల నీరు. నొప్పి, ఇన్ఫెక్షన్, మూత్రానికి అడ్డం లేకపోతే ముట్టుకోం. కిడ్నీ పనితీరు కూడా...

వినియోగదారుల సంఘం ప్రతినిధి: విన్నారా! ముట్టుకోనక్కర్లేదని డాక్టరే అంటున్నారు. మరి స్కాన్ ఎందుకు? ప్యాకేజీ అమ్మడం, భయపెట్టడం, కోయడం!

డాక్టర్: నేనలా అనలేదు. స్కాన్‌లో సిస్టు కనిపించే తీరును బట్టి క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే బోస్నియాక్ గ్రేడు చూస్తాం. ఒకటి, రెండు అయితే భయం లేదు. రెండు-ఎఫ్ అయితే మళ్లీ మళ్లీ స్కాన్ తీసి గమనిస్తాం. మూడులో దాదాపు సగం క్యాన్సర్ అని తేలతాయి, నాలుగులో ఎక్కువ శాతం...

ప్రతినిధి: అదిగో క్యాన్సర్! ఆ మాట వింటే ఎవరైనా బంగారం తాకట్టు పెట్టి కట్టేస్తారు.

యాంకర్: ఒక్క నిమిషం. కావేరి నీళ్లు వచ్చే ఇళ్లలో ఇవి తక్కువా?

డాక్టర్: ఈ తిత్తులు నీళ్ల వల్ల రావండి. రాళ్ల సంగతి వేరు.

ఐటీ ఉద్యోగి: నేను చెప్పొచ్చా? మా నాన్నగారికి పాలీసిస్టిక్ అనే వంశపారంపర్య కిడ్నీ జబ్బు. రెండు కిడ్నీల నిండా తిత్తులే, ఇప్పుడు డయాలిసిస్. నాకు 34, అప్పుడే బీపీ. నన్నూ స్కాన్ వద్దంటారా?

డాక్టర్: మీరు తప్పకుండా చేయించుకోవాలి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ సగం అవకాశం. ఈ జబ్బున్నవాళ్లలో సుమారు సగం మందికి 60 ఏళ్లకల్లా కిడ్నీలు పాడవుతాయి. బీపీ అదుపులో ఉండాలి. వేగంగా ముదిరేవాళ్లకు టోల్వాప్టాన్ అనే మందు...

ప్రతినిధి: దాని ధర చెప్పండి మేడమ్! (ఇద్దరూ ఒకేసారి) ...మా ఊళ్లో ఎవరూ స్కాన్ మొహం చూడలేదు. 80 ఏళ్లు బతికారు!

డాక్టర్: ముందే పోయినవాళ్లు దేనివల్ల పోయారో ఎవరు చూశారండి?

యాంకర్: మంచి ప్రశ్న. ఆ ఊళ్లో బావి నీళ్లా, బోరు నీళ్లా?

ప్రతినిధి: బావి నీళ్లే!

(క్యాన్ నీళ్లు, ప్లాస్టిక్, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ మీద ఆయన ప్రసంగం ఇక్కడ కుదించాం. స్కాన్ మాట అందులో రాలేదు.)

ఐటీ ఉద్యోగి: మరి మా చెల్లెలికి కూడా...

యాంకర్: టైమ్ లేదండి. ప్రతినిధి గారూ, ఒక్క ముక్కలో?

ప్రతినిధి: ఒక్క ముక్కలో అయ్యేది కాదు, మూడు చెబుతా. మొదటిది...

డాక్టర్: చెల్లెలికీ స్కాన్ తీయించండి, బీపీ చూపించండి...

యాంకర్: మేడమ్, ఆయన్ని పూర్తి చేయనివ్వండి.