లెక్కపెట్టి కనిపెట్టిన ఆకారాలు

అందరికీ నమస్కారం.

ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివినవాళ్లలో జర్మన్ శాస్త్రవేత్త కెకూలే కల గురించి విననివాళ్లు ఉండరు. పొయ్యి ముందు కూర్చుని కునికిపాట్లు పడుతుంటే, ఒక పాము తన తోకను తానే కరుచుకున్నట్టు కనిపించిందనీ, దాంతో బెంజీన్ అణువు వలయంలా ఉంటుందని తట్టిందనీ చెబుతారు. ఈ కథ ఎవరో కల్పించింది కాదు, కెకూలే స్వయంగా చెప్పుకున్నదే. కాకపోతే ఆయన బెంజీన్ గురించి రాసింది 1865లో. కల సంగతి బయటపెట్టింది 1890లో, బెర్లిన్‌లో తనకు సన్మానం జరిగినప్పుడు. పాతికేళ్ల తర్వాత సన్మాన సభలో చెప్పిన మాటను ఎంతవరకు నమ్మాలన్నది మీ ఇష్టం. కల నిజమే అనుకుందాం. అది సరైన కల అని తేల్చిందెవరు? ఎలా తేల్చారు? ఈ ప్రశ్నను మన క్లాసుల్లో ఎవరూ అడగరు. నేను ఈరోజు మాట్లాడబోయేది దాని గురించే.

మొదలు 1820లలో. జర్మనీకి చెందిన వోలర్ అనే కుర్రాడు సిల్వర్ సయనేట్‌ను విశ్లేషించి, అందులో ఏ మూలకం ఎంత ఉందో ప్రకటించాడు. అదే కాలంలో లీబిగ్ అనే ఇంకో కుర్రాడు సిల్వర్ ఫల్మినేట్‌ను విశ్లేషించాడు. ఫల్మినేట్ మహా ప్రమాదకరమైన పేలుడు పదార్థం. దీపావళికి పిల్లలు నేలకేసి కొట్టే పాప్ పాప్‌లలో ఇసకతో పాటు రవ్వంత ఉండేది అదే. సయనేట్ అలా పేలదు. కానీ ఇద్దరి లెక్కలూ ఒక్కటే! అవే మూలకాలు, అదే నిష్పత్తి. నీ లెక్క తప్పంటే నీ లెక్క తప్పని వాదించుకున్నారు, మళ్లీ చేసి చూసుకున్నారు. ఇద్దరిదీ కరెక్టే అని తేలింది, తర్వాత ప్రాణ స్నేహితులయ్యారు కూడా. ఒకే కూర్పుతో రెండు వేర్వేరు పదార్థాలు ఉండటాన్ని స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ 1830లో ఐసోమెరిజం అన్నాడు. పేరైతే పెట్టారు గానీ, కారణం మాత్రం దొరకలేదు. పరమాణువులు ఏవో, ఎన్నో తెలిస్తే చాలదు, అవి ఎలా అమరి ఉన్నాయో కూడా తెలియాలన్నంతవరకే అర్థమైంది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు పెద్ద గందరగోళం. అణువులో ధన భాగం, రుణ భాగం ఉంటాయని బెర్జీలియస్ అంటాడు. అలాగైతే హైడ్రోజన్ స్థానంలోకి దానికి పూర్తి విరుద్ధమైన క్లోరిన్ వచ్చి కూర్చోకూడదు. కానీ కూర్చుంటోందని పారిస్‌లో ద్యూమా చూపించాడు. ఎసిటిక్ ఆమ్లంలోని మూడు హైడ్రోజన్లను తీసేసి మూడు క్లోరిన్లు పెట్టినా అది ఆమ్లంగానే మిగిలింది. ఈ గొడవ మీద వోలర్ 1840లో మారుపేరుతో ఒక వెక్కిరింపు ఉత్తరం రాస్తే, లీబిగ్ దాన్ని తన పత్రికలో అచ్చువేశాడు. ఒక పదార్థంలో అన్ని పరమాణువులనూ తీసేసి మొత్తం క్లోరినే పెట్టాననీ, లండన్ దుకాణాల్లో క్లోరిన్‌తో నేసిన బట్టలు కూడా అమ్ముతున్నారనీ అందులో ఉంటుంది. శాస్త్రవేత్తలు ఒకరినొకరు ఆటపట్టించుకోవడంలో మన కవులకేమీ తీసిపోరు.

గందరగోళానికి అసలు మూలం ఇంకొకటుంది. పరమాణు భారాల మీదే ఏకాభిప్రాయం లేదు. కార్బన్ కొందరికి 6, కొందరికి 12. ఆక్సిజన్ 8 అనేవాళ్లు, 16 అనేవాళ్లు. ఎవరి ఫార్ములా వాళ్లదే. కెకూలే 1861 నాటి తన పాఠ్యపుస్తకంలో ఒక్క ఎసిటిక్ ఆమ్లానికే చలామణిలో ఉన్న 19 ఫార్ములాలను వరసగా అచ్చువేశాడు. 1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్‌స్రూలో రసాయన శాస్త్రవేత్తలంతా సమావేశమైంది ఈ చిక్కుముడి విప్పడానికే. అక్కడా ఏమీ తేలలేదు గానీ, పరమాణు భారాల మీద ఇటలీ శాస్త్రవేత్త కానిజారో రాసి, చివర్లో పంచిన చిన్న పుస్తకం మెల్లగా పని చేసింది.

అమరిక తెలియకపోతే ఏమవుతుందో చూడాలంటే 1856లో లండన్‌కు వెళ్లాలి. పెర్కిన్‌కు పద్దెనిమిదేళ్లు. మలేరియాకు మందైన క్వినైన్‌ను ఇంట్లోని చిన్న ప్రయోగశాలలో తయారు చేద్దామనుకున్నాడు. కూడికలూ తీసివేతలూ చేశాడు: ఎలైల్ టొలుయిడిన్ అణువులు రెండు తీసుకుని, కొంత ఆక్సిజన్ చేర్చి, ఒక నీటి అణువును తీసేస్తే సరిగ్గా క్వినైన్ ఫార్ములా వస్తోంది. కాగితం మీద లెక్క కుదిరింది. గిన్నెలో మాత్రం ఎర్రటి మడ్డి వచ్చింది. అదే ప్రయోగం అనిలీన్‌తో చేస్తే ఊదారంగు దొరికి, పెర్కిన్ లక్షాధికారి అయ్యాడనుకోండి, అది వేరే కథ. పరమాణువులను ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టినా పని జరగదు. మరి దేన్ని లెక్కపెట్టాలి?

1858లో ఇద్దరు మనుషులు ఒకే మాట చెప్పారు. కార్బన్‌కు నాలుగు చేతులు ఉంటాయి, కార్బన్లు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసులు కట్టగలవు. ఒకరు కెకూలే. రెండోవాడు స్కాట్లండ్‌కు చెందిన ఆర్చిబాల్డ్ కూపర్, పారిస్‌లో వుర్ట్జ్ ప్రయోగశాలలో పనిచేస్తున్నాడు. కూపర్ తన వ్యాసాన్ని ఫ్రెంచ్ శాస్త్ర అకాడమీలో చదివించమని వుర్ట్జ్‌కు ఇచ్చాడు. వుర్ట్జ్‌కు అకాడమీ సభ్యత్వం లేదు, ఇంకొకరి చేత సమర్పించాలి, అలా ఆలస్యమైంది. ఆలోపు కెకూలే వ్యాసం వెలువడింది. కూపర్ వుర్ట్జ్‌తో గొడవపడి ప్రయోగశాల వదిలి వెళ్లాడు, తర్వాత మనసు చెదిరింది. 1892లో చనిపోయేదాకా సొంత ఊళ్లోనే ఉన్నాడు, మళ్లీ రసాయన శాస్త్రం ముట్టుకోలేదు. కెకూలే జీవిత చరిత్ర కోసం పాత కాగితాలు వెతుకుతున్న ఆన్షుట్జ్ కంటబడి ఉండకపోతే ఆ పేరు మనకు తెలిసేదే కాదు. ఇందులో నాకు బాధ కలిగించేది ఒకటుంది. మనం ఈరోజు బంధానికి గీత గీస్తాం కదా, కెకూలే ఆ వ్యాసంలో అలా గీయలేదు. గీసింది కూపర్.

1861లో రష్యాలోని కజాన్ నుంచి వచ్చిన బట్లెరోవ్ ఇంకో అడుగు వేశాడు. ప్రతి పదార్థానికీ ఒకే ఒక్క నిర్మాణ ఫార్ములా ఉండాలి, దాని గుణాలన్నీ ఆ నిర్మాణం నుంచే రావాలి అన్నాడు. అలాంటప్పుడు ఎన్ని ఐసోమర్లు ఉంటాయో ముందే చెప్పేయొచ్చు! నాలుగు కార్బన్ల ఆల్కహాల్‌నే తీసుకోండి. గొలుసును ఎన్ని రకాలుగా కట్టినా, హైడ్రాక్సిల్‌ను (OH) ఎక్కడ తగిలించినా నాలుగు రకాలే వస్తాయి. నాలుగోది, అంటే టెర్షరీ బ్యూటైల్ ఆల్కహాల్, అప్పటికి ఎవరి దగ్గరా లేదు. 1864 నాటికి బట్లెరోవ్ దాన్ని తయారు చేసి చూపించాడు. అటువంటి ఆల్కహాల్‌లు ఉండాలని జర్మన్ రసాయన శాస్త్రవేత్త కోల్బే కూడా ముందే ఊహించాడు. ఈ కోల్బే మళ్లీ వస్తాడు, గుర్తుపెట్టుకోండి.

అదే ఏడు ఎడింబరోలో క్రమ్ బ్రౌన్ పరమాణువులను సున్నాల్లో రాసి గీతలతో కలిపాడు. తర్వాతి కాలంలో మన ప్రఫుల్ల చంద్ర రే వెళ్లి చదువుకున్నది ఈయన దగ్గరే. 1865లో హాఫ్‌మన్ లండన్‌లో ప్రసంగిస్తూ, క్రోకే ఆటలో కొట్టే కొయ్య బంతులకు రంగులు వేసి, కడ్డీలు గుచ్చి చూపించాడు. కార్బన్ నలుపు, హైడ్రోజన్ తెలుపు, ఆక్సిజన్ ఎరుపు, నైట్రోజన్ నీలం. మీ కాలేజీ ల్యాబుల్లో ఉండే మోడల్ కిట్ల రంగులు అక్కడివే.

ఇక బెంజీన్. ఆరు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు. ఆ ఆరు హైడ్రోజన్లూ సమానమేనా? రెండు హైడ్రోజన్ల స్థానంలో బ్రోమిన్లు పెడితే ఎన్ని రకాలు వస్తాయి? కార్బన్లు షడ్భుజిలా ఉన్నది నిజమైతే మూడే రావాలి: పక్కపక్కన (ఆర్థో), ఒకటి విడిచి ఒకటి (మెటా), ఎదురెదురు (పారా). దొరికినవీ మూడే. బాగానే ఉంది. కానీ మూడు సీసాలు మీ ముందు పెడితే ఏది ఏదో ఎలా చెబుతారు? మూడిటికీ ఒకే ఫార్ములా.

దీన్ని తేల్చినవాడు విల్‌హెల్మ్ కోర్నర్. బెల్జియంలోని గెంట్‌లో కెకూలే దగ్గర సహాయకుడిగా చేసి, ఇటలీ వెళ్లిపోయాడు. 1874లో ఆయన ప్రకటించిన పద్ధతిని మీరు ఇప్పుడే ఒక కాగితం మీద వేసి చూడొచ్చు. షడ్భుజి గీసి మూలలకు 1 నుంచి 6 వరకు అంకెలు వేయండి. బ్రోమిన్లు 1, 2 మీద ఉంటే మిగిలినవి 3, 4, 5, 6. ఇందులో 3, 6 ఒకే రకం, 4, 5 ఒకే రకం. కాబట్టి మూడో బ్రోమిన్ పెడితే రెండు పదార్థాలు వస్తాయి. బ్రోమిన్లు 1, 3 మీద ఉంటే, 2 ఒక రకం, 4, 6 ఒక రకం, 5 ఇంకో రకం. మొత్తం మూడు. 1, 4 మీద ఉంటే మిగిలిన నాలుగూ సమానమే. ఒకటే వస్తుంది. అంతే! సీసాలోదానికి ఇంకో బ్రోమిన్ తగిలించి, వచ్చినవాటిని వేరుచేసి లెక్కపెట్టండి. రెండొస్తే ఆర్థో, మూడొస్తే మెటా, ఒక్కటే వస్తే పారా.

చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. చేయడం అలా కాదు. స్ఫటికాలను మళ్లీ మళ్లీ కరిగించి తిరిగి స్ఫటికాలు కట్టించాలి, ప్రతిదాని ద్రవీభవన స్థానం చూడాలి, కొంచెంగా వచ్చే మూడోదాన్ని మురికి అనుకుని పారబోయకూడదు. నా దృష్టిలో పాము కల కంటే ఈ పని వంద రెట్లు గొప్పది. అయినా కోర్నర్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో వెతికితే గానీ దొరకదు.

ఇదే లెక్క కెకూలేను కూడా ఇబ్బందిపెట్టింది. వలయంలో ఒకటి విడిచి ఒకటి ద్విబంధాలు (రెండేసి గీతల బంధాలు) ఉన్నాయంటే, పక్కపక్కన పెట్టిన రెండు బ్రోమిన్ల మధ్య ద్విబంధం ఉన్నది ఒకటి, ఏకబంధం ఉన్నది ఒకటి, ఇలా రెండు ఆర్థోలు రావాలి. ఎంత వెతికినా ఒక్కటే దొరికింది. ద్విబంధాలు నిలకడగా ఉండవు, అటూ ఇటూ మారుతుంటాయని 1872లో సర్దిచెప్పాడు. దానికి సరైన జవాబు రావడానికి క్వాంటం సిద్ధాంతం పుట్టాల్సి వచ్చింది.

ఈలోపు బెంజీన్ బొమ్మ తన పని తాను చేసుకుపోయింది. గ్రేబ్, లీబర్మన్ 1868లో ఎర్ర అద్దకపు రంగు అలిజరిన్‌కు మూలం తారు నుంచి తీసే ఆంత్రసీన్ అని కనిపెట్టి, మరుసటి ఏడాదికి దాన్ని తయారు చేశారు. మచిలీపట్నం అద్దకాల ఎరుపుకు తరతరాలుగా వాడిన చిరివేరులో ఉండేది కూడా అలిజరినే. తర్వాత అద్దకంవాళ్లు కూడా వేరు మాని డబ్బాలో దొరికే అలిజరిన్‌కు మారారు.

అప్పటిదాకా బొమ్మలన్నీ కాగితంలా చదునైనవే. కార్బన్ నాలుగు చేతులూ నిజంగా అలా చదునుగా ఉంటే, రెండు హైడ్రోజన్లు, రెండు క్లోరిన్లు ఉన్న మిథిలీన్ క్లోరైడ్ రెండు రకాలు ఉండాలి: క్లోరిన్లు పక్కపక్కన ఒకటి, ఎదురెదురుగా ఒకటి. దొరికేది ఒకటే. ఇరవై రెండేళ్ల వాంట్ హాఫ్ 1874 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో ఒక చిన్న పుస్తకం వేసి, చేతులు చతుర్ముఖి (నాలుగు త్రిభుజాలు కలిసిన ఆకారం) నాలుగు మూలలకు చాచి ఉంటాయన్నాడు. అలాగైతే మిథిలీన్ క్లోరైడ్ ఒకటే వస్తుంది. నాలుగు చేతులకూ నాలుగు వేర్వేరు గుంపులుంటే మాత్రం రెండొస్తాయి, అవి అద్దంలో ప్రతిబింబంలా ఉంటాయి. రెండు నెలల తర్వాత పారిస్‌లో లె బెల్ కూడా దాదాపు ఇదే చెప్పాడు. 1848లో పాశ్చర్ టార్టారిక్ ఆమ్లపు లవణం స్ఫటికాలను చేత్తో ఏరి కుడి, ఎడమ కుప్పలు పోశాడే, ధ్రువణ కాంతిని (ఒకే తలంలో కంపించే కాంతిని) అవి చెరో వైపు ఎందుకు తిప్పాయో అప్పటికి అర్థమైంది.

వాంట్ హాఫ్ తర్వాత పశువైద్య కళాశాలలో ఉద్యోగంలో చేరాడు. 1877లో కోల్బే విరుచుకుపడ్డాడు. పశువుల దవాఖానా నుంచి రెక్కల గుర్రాన్ని అరువు తెచ్చుకుని కొండెక్కి పరమాణువులను చూసొచ్చాడట అని ఎద్దేవా చేశాడు. 1901లో మొట్టమొదటి కెమిస్ట్రీ నోబెల్ వాంట్ హాఫ్‌కే వచ్చింది, అది వేరే పని మీద. అది చూడటానికి కోల్బే లేడు.

వాంట్ హాఫ్ లెక్క ప్రకారం గ్లూకోజ్ లాంటి చక్కెరలు పదహారు ఉండాలి. ఎమిల్ ఫిషర్ 1891లో ఆ పదహారింటిలో గ్లూకోజ్ ఏదో తేల్చాడు, కానీ పూర్తిగా కాదు. ఒక బొమ్మా, దాని అద్దపు ప్రతిబింబమూ రెండూ అన్ని ప్రయోగాలకూ ఒకేలా సరిపోతున్నాయి. లెక్కపెట్టడం అక్కడితో ఆగిపోతుంది. ఎన్ని ఉన్నాయో చెబుతుంది గానీ, ఏది కుడి, ఏది ఎడమ అన్నది చెప్పదు. ఫిషర్ ఏదో ఒకటి ఎంచుకుని అదే నిజమనుకుందాం అన్నాడు. అరవై ఏళ్లపాటు ప్రపంచమంతా అదే బొమ్మ గీసింది. 1951లో యూట్రెక్ట్‌లోనే, వాంట్ హాఫ్ పేరు పెట్టిన ప్రయోగశాలలో, బైఫూట్ బృందం టార్టారిక్ ఆమ్లపు లవణం మీదికి ఎక్స్ కిరణాలు పంపి మొదటిసారి కుడి ఎడమలు తేల్చింది. ఫిషర్ ఎంచుకున్నదే సరైనది. తప్పయి ఉంటే అప్పటిదాకా అచ్చయిన చక్కెరల బొమ్మలన్నీ తిరగేసి గీయాల్సి వచ్చేది.

ప్రశ్నలుంటే అడగండి.