అటకెక్కిన కోడ్

వ్యాఖ్యాత: మధురవాడ నుంచి మరో శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. నేను రుషికొండలో ఉద్యోగం చేస్తున్నాను. నిన్న బిల్లు పేజీ సగంలో ఉండగా, వేరే లోపం ఒకటి వెంటనే సరిచేయమన్నారు. మేం కోడ్ మార్పుల చరిత్రను గిట్ అనే సాధనంలో ఉంచుతాం. సగం పనిని కమిట్ చేయడానికి, అంటే ఆ చరిత్రలో నమోదు చేయడానికి మనసొప్పక, తాత్కాలికంగా పక్కన దాచే గిట్ స్టాష్ కొట్టాను. లోపం సరిచేసి, ఆ సవరణను నా బ్రాంచిలో, అంటే నా పని సాగే విడి శాఖలో కలుపుకొని, దాచింది తిరిగి తెచ్చుకోవడానికి స్టాష్ పాప్ అన్నాను. కాన్‌ఫ్లిక్ట్ అంది, అంటే రెండు మార్పులు ఢీకొన్నాయట. ఫైలు నిండా బాణం గుర్తులే. నా పని పోయినట్టేనా సార్?

నిపుణుడు: పోలేదమ్మా. పాప్ సాఫీగా జరిగితేనే గిట్ ఆ స్టాష్‌ను తీసేస్తుంది. కాన్‌ఫ్లిక్ట్ వస్తే అలాగే ఉంచుతుంది. ఆ మాట తెర మీద చెబుతుంది కూడా, కంగారులో మనమే చదవం. దాచినవన్నీ చూడటానికి గిట్ స్టాష్ లిస్ట్ అని కొట్టండి.

శ్రోత: మూడు ఉన్నాయండీ! అన్నిటికీ ముందు డబ్ల్యూఐపీ, అంటే 'పని నడుస్తోంది' అనే ఉంది.

వ్యాఖ్యాత: మూడా?

నిపుణుడు: స్టాష్ మన ఇంటి అటక లాంటిది మరి. పండగ గిన్నెలు పైకెక్కించే రోజున ఏ మూటలో ఏముందో తెలుసు, మళ్ళీ పండగకు గుర్తుండదు. సున్నా అంకె ఉన్నదే తాజాది. గిట్ స్టాష్ షో, మైనస్ పి అని అందులోని మార్పులు చూడండి.

శ్రోత: అవును, బిల్లు పేజీయే. కానీ కొత్తగా రాసిన పన్ను లెక్క ఫైలు ఇందులో లేదు!

నిపుణుడు: దాన్ని గిట్‌కు యాడ్ చేశారా, అంటే ఆ ఫైలును గమనించమని చెప్పారా?

శ్రోత: లేదండీ.

నిపుణుడు: అయితే అది అటకెక్కనే లేదు. అలాంటి ఫైళ్ళను మామూలు స్టాష్ ముట్టదు, మైనస్ యు చేర్చాలి. మీ ఫోల్డర్‌లోనే ఉంటుంది, చూడండి.

శ్రోత: ఉంది, ఉంది!

నిపుణుడు: ఇక ఆ బాణాల మధ్య రెండు రూపాలూ ఉంటాయి. కావలసింది ఉంచి, గుర్తులు చెరిపి, యాడ్ చేయండి. అంతా సరిగ్గా నడిచాకే గిట్ స్టాష్ డ్రాప్ అని ఆ మూటను తీసేయండి. ఈసారి నుంచి గిట్ స్టాష్ పుష్, మైనస్ ఎం అని పక్కన ఒక పేరు రాయండి. ఇంకో మాట. కోడ్‌ను సర్వర్‌కు పంపే మామూలు గిట్ పుష్ చేస్తే స్టాష్ సర్వర్‌కు వెళ్ళదు, మీ యంత్రంలోనే ఉండిపోతుంది. 2014లో హుద్‌హుద్‌ తుఫానును ఈ ఊళ్ళోనే చూసినవాణ్ణి, ఒక్క యంత్రంలో ఉన్నదాన్ని నేను భద్రం అనుకోను. సాయంత్రానికైనా సొంత బ్రాంచిలో కమిట్ చేసి పంపేయండి.

వ్యాఖ్యాత: మిగతా రెండు మూటల్లో ఏముందమ్మా?

శ్రోత: ఒకటి విప్పి చూశానండీ... ఒకే ఒక్క కామా తీసేసి దాచుకున్నాను.